సీసాలో తోట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో టెర్రేరియం గురించి, అంటే గాజు సీసాలో పెంచే చిన్న తోట గురించి నాలుగు మాటలు రాశాను. అప్పటినుంచి వస్తున్న ఉత్తరాల్లో సగం దాని గురించే. అందుకే ఈసారి మిగతా మొక్కల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, గాజు సీసాల ఉత్తరాలే తీసుకున్నాను. పేర్లు వద్దన్నవాళ్లు ఎక్కువమంది కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

మేడమ్, నా దగ్గర మూతున్న మూడు లీటర్ల గాజు జాడీ ఒకటి ఉంది. అడుగున రాళ్లు, బొగ్గు, మట్టి అంటూ ఒక్కొక్కరు ఒక్కో వరస చెబుతున్నారు. ఏ పొర మీద ఏ పొర వేయాలి? ఎన్ని మొక్కలు పెట్టొచ్చు? ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది, రోజూ చూసుకునే తీరిక లేదు.

రోజూ చూసుకునే తీరిక లేదన్నారు చూడండి, మూత సీసాకి కావలసింది మీలాంటివాళ్లే. చేయి ఎక్కువగా పెట్టేవాళ్ల దగ్గరే ఇవి ముందు పోతాయి.

పొరలకంటే ముందు మొక్కల సంగతి తేల్చుకోండి. తేమను ఇష్టపడేవి, నిదానంగా పెరిగేవి, ఆకు చిన్నగా ఉండేవి కావాలి. ఫిట్టోనియా, పిలియా, సెలాజినెల్లా, గోడలకి పాకే చిన్నాకుల క్రీపింగ్ ఫిగ్, చిన్న జాతి ఫెర్న్‌లు, నాచు. మూడు లీటర్ల జాడీకి మూడు మొక్కలు, కాస్త నాచు చాలు. నాటిన రోజు ఖాళీగా, వెలితిగా కనిపిస్తుంది. అలాగే ఉండనివ్వండి, ఆర్నెల్లలో అదే నిండుతుంది. మనీప్లాంట్ మాత్రం పెట్టకండి, కొద్ది నెలల్లోనే మూతను తోసేస్తుంది.

జాడీని సబ్బుతో కడిగి, ఒక రోజంతా బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. అడుగున రెండు వేళ్ల మందాన గులకరాళ్లు గానీ, కాల్చిన మట్టి గుళికలు గానీ వేయండి. ఈ రాళ్లు మట్టిలోని నీటిని కిందికి లాగేసి వేళ్లను పొడిగా ఉంచుతాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. సన్నటి మట్టి పూర్తిగా తడిసి ఇక పట్టలేనంత అయ్యాకే నీళ్లు రాళ్ల సందుల్లోకి దిగుతాయి. మరి రాళ్లెందుకంటే, పొరపాటున ఎక్కువ పోసినప్పుడు ఆ నీళ్లు వేళ్లకు దూరంగా నిలవడానికి కొంత చోటు ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, అడుగున నీళ్లు నిలిచాయన్న సంగతి గాజులోంచి మీ కంటికి తెలుస్తుంది. నాకు రాళ్లంటే ఇష్టం ఆ రెండో కారణానికే.

రాళ్ల మీద నైలాన్ దోమతెర ముక్కను గుండ్రంగా కత్తిరించి పరవండి. లేకపోతే మట్టి జారి రాళ్ల సందులన్నీ మూసుకుపోతాయి. తెర మీద పలచగా యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే శుద్ధి చేసిన బొగ్గు వేసుకోవచ్చు. వాసనలను, కొన్ని మలినాలను అది పట్టి ఉంచుతుంది గానీ కొంతకాలానికి నిండిపోతుంది. అది దొరకలేదని పని ఆపకండి. నా దగ్గరున్న సీసాల్లో రెండింటికి బొగ్గు లేదు, రెండూ పచ్చగానే ఉన్నాయి.

మట్టి మీద మాత్రం మనసు పెట్టాలి. రెండు వంతులు కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్, ఒక వంతు పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు లేదా ముతక ఇసుక, ఒక వంతు చిన్న బెరడు ముక్కలు కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు, రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండి వాడండి. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు ఏవీ వద్దు. మొక్కలు అక్కడ ఏపుగా పెరగడం మనకు అక్కర్లేదు. కలిపిన మట్టిని పిడికిట్లో బిగించి పట్టి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి ఒక చుక్క రావాలా వద్దా అన్నట్టుండాలి. తడి ఈ పాకంలో కుదిరిందంటే సగం పని అయిపోయినట్టే. ముందువైపు నాలుగు సెంటీమీటర్లు, వెనకవైపు ఆరు సెంటీమీటర్లు ఎత్తు వచ్చేలా వాలుగా పోస్తే చూడ్డానికి లోతు వస్తుంది.

మొక్కల్ని కొన్న రోజే సీసాలో దించకండి. రెండు వారాలు విడిగా ఉంచి, ఆకుల అడుగున పిండినల్లి లాంటివి ఉన్నాయేమో చూడండి. మూత సీసాలో పురుగు దూరితే దానికి ఎదురే ఉండదు. నాటేటప్పుడు పాత మట్టి దులిపి, పొడుగు వేళ్లు కొంచెం కత్తిరించి, పొడవాటి పట్టకారుతో పట్టుకుని గుంటలో నిలబెట్టండి. ఆకులు గాజుకి ఆనకూడదు. ఆనిన ఆకు ఎప్పుడూ తడిగా ఉండి అక్కడినుంచే కుళ్లడం మొదలవుతుంది. నాచుకి నిజమైన వేళ్లుండవు, అందుకే మట్టికి గట్టిగా అదిమి పెట్టండి. చివరగా గాజుకి అంటిన మట్టి జారేలా నాలుగైదు సార్లు స్ప్రే కొట్టి మూత పెట్టేయండి. వేరే నీళ్లు పోయనక్కర్లేదు.

మూత పెట్టి పది రోజులైంది మేడమ్. పొద్దున్నుంచి రాత్రి దాకా సీసా అంతా ఆవిరి పట్టి తెల్లగా ఉంటోంది. లోపలేముందో కనిపించడం లేదు. రోజుకి పది నిమిషాలు మూత తీస్తున్నా, మళ్లీ అదే. చాలా టెన్షన్‌గా ఉంది.

నీళ్లు ఎక్కువయ్యాయి, అంతే. మొక్కలు ఇంకా బాగానే ఉండి ఉంటాయి, భయపడకండి.

పది నిమిషాలు మూత తీస్తే మంచు విడిపోతుంది గానీ సీసాలోని నీళ్లు పెద్దగా తగ్గవు. మూత పెట్టగానే మట్టిలోంచి అదే ఆవిరి మళ్లీ పైకొస్తుంది. మీరు చేయాల్సింది నీటిని బయటికి తీయడం. మూత తీసి, పొడి నూలుగుడ్డతో లోపలి గాజునంతా తుడవండి. గుడ్డ తడిసిందంటే అంత నీరు బయటికొచ్చినట్టే. తుడిచాక రెండు మూడు గంటలు మూత తెరిచి ఉంచండి. మర్నాడు మళ్లీ. చాలా సీసాలు నాలుగైదు రోజుల్లో దారికొస్తాయి. అడుగున రాళ్లలో నీళ్లు నిలిచి కనిపిస్తుంటే సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, అంచు వెంట కిందిదాకా దించి లాగేయండి.

సరిపడా తడి ఉన్న సీసా ఎలా ఉంటుందంటే, ఉదయం, సాయంత్రం గాజులో మూడోవంతు దాకా ఆవిరి పడుతుంది, మధ్యాహ్నానికి విడిపోతుంది. ఒకవైపే పట్టిందని కూడా కొందరు రాశారు. చల్లగా ఉన్నవైపు గాజు మీదే ఆవిరి నీరవుతుంది, కిటికీ వైపు పట్టడం మామూలే. మూడు రోజులు వరసగా ఎక్కడా ఆవిరి కనిపించకపోతే అప్పుడు రెండు టీస్పూన్ల నీళ్లు పోయండి. గ్లాసుతో వద్దు. రెండు టీస్పూన్లు పోసి, మళ్లీ రెండు రోజులు చూడండి.

పన్నెండేళ్ల క్రితం నా మొదటి సీసా పోయింది దీనివల్లే. ఫిట్టోనియా ఒక మధ్యాహ్నం వాలిపోయి కనిపించింది. దాహమేసిందనుకుని ముప్పావు గ్లాసు నీళ్లు పోశాను. నిజంగానే దాహమైనా దానికి రెండు చెంచాలు సరిపోయేవి. మూడు వారాలకి కాడలు నల్లబడి, మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. నీళ్లు నిలిచి గాలి ఆడని మట్టిలో పెరిగే బ్యాక్టీరియా వదిలే వాయువుది ఆ వాసన. ఆరోగ్యంగా ఉన్న సీసా మూత తీస్తే తొలకరి పడ్డప్పటి మట్టి వాసన వస్తుంది. నేనిప్పటికీ నెలకోసారి మూత తీసి ముందు వాసన చూస్తాను, ఆకుల వంక ఆ తర్వాతే.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సీసాలో తేమ కుదురుకున్నాక దాన్ని తూకం వేసి, బరువు, తేదీ చిన్న చీటీ మీద రాసి సీసా అడుగున అంటిస్తాను. రెండు మూడు నెలలకోసారి మళ్లీ తూస్తాను. ఒక గ్రాము తగ్గిందంటే ఒక మిల్లీలీటరు నీరు పోయినట్టే. ఇరవై గ్రాములు తగ్గితే మూత సరిగా పట్టడం లేదని అర్థం. మొక్క వాలిందా లేదా అని ఊహించుకునే బాధ తప్పుతుంది.

కిటికీలో ఎండ బాగా వచ్చే చోట పెట్టాను. మొక్కలకి ఎండ మంచిదే కదా? సాయంత్రానికి ఆకులన్నీ ఉడికినట్టు మెత్తబడిపోయాయి.

అవి నిజంగా ఉడికిపోయాయి. గాజు వెలుతురును లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. నేరుగా పడే ఎండలో మూత సీసాని ఒక్క గంట కూడా ఉంచొద్దు. దీపం వేయకుండా పేపరు హాయిగా చదువుకోగలిగే చోటు, కానీ ఎండ పొడ పడని చోటు, అక్కడ పెట్టండి. అలాంటి చోటు లేకపోతే తెల్లటి ఎల్‌ఈడీ దీపం అడుగు ఎత్తున పెట్టి రోజుకి పది గంటలు వెలిగించండి. వెలుతురు చాలకపోతే కాడలు సాగి, ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు కొంచెం దగ్గరికి జరపాలి. మెత్తబడిన ఆకుల్ని తీసేసి, వేళ్లు గట్టిగా ఉంటే మూడు వారాలు ఆగి చూడండి. ఫిట్టోనియా మొదట్లోంచి మళ్లీ చిగురేయడం నేను చూశాను.

మట్టి మీద, అలంకారానికి పెట్టిన చెక్కముక్క మీద తెల్లగా సాలెగూడులా బూజు పట్టింది. మందు కొట్టాలా?

వద్దు. మొదటి నెలలో ఇది దాదాపు ప్రతి సీసాలోనూ వస్తుంది. చచ్చిన చెక్కను, ఆకును తినే బూజు అది. బతికున్న మొక్క జోలికి సాధారణంగా పోదు. పుల్లకి దూది చుట్టి తుడిచేయండి, రాలిన ఆకులు ఏరేయండి, ఒక రోజు మూత తీసి ఉంచండి. అయితే బతికున్న ఆకు మీదే బూడిదరంగు నూగులాంటిది కనిపిస్తే అది వేరే తెగులు. ఆ ఆకును కాడతో సహా కత్తిరించి బయట పారేయాలి.

మీకు ఓపిక ఉంటే స్ప్రింగ్‌టెయిల్స్ తెచ్చి వదలండి. ఒకటి రెండు మిల్లీమీటర్లుండే తెల్లటి చిన్న జీవులు. బూజు, కుళ్లిన ఆకులే వాటి ఆహారం, మొక్కల్ని ముట్టుకోవు, సీసా దాటి ఇంట్లోకి వచ్చి బతకలేవు. నా పెద్ద సీసాలో అవి ఏడేళ్లుగా ఉన్నాయి. టార్చి వేసి చూస్తే మట్టి మీద చుక్కలు కదులుతున్నట్టుంటుంది. అలా చూస్తూ కూర్చుంటే నాకు టైమే తెలియదు.

చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతున్నాయని ఇంకో ఉత్తరం. వాటి పిల్లలు తడి మట్టిలో పెరుగుతాయి. పైమట్టి కాస్త ఆరేదాకా మూత తెరిచి, పక్కనే పసుపు రంగు జిగురు అట్ట పెట్టండి.

ఆన్‌లైన్‌లో ఫొటో చూసి మూత సీసాలో ఎకెవేరియా, కాక్టస్ కలిపి పెట్టాను. మూడు వారాల్లో కింది ఆకులు నీరుకారి జారిపోయాయి. నా చేతికి మొక్క బతకదేమో అనిపిస్తోంది.

ఆ మాట అనుకోకండి. ఆ ఫొటో సీసా తయారుచేసిన రోజే తీసి ఉంటారు. మూడు వారాల తర్వాత తీసిన ఫొటో ఎవరూ పెట్టరు. ఇలా చేతిని తప్పుపట్టుకుని మొక్కలే మానేసినవాళ్లు నాకు తెలుసు, అందుకే ఆ ఫొటోలంటే నాకు కోపం.

సక్యులెంట్లు ఎండు నేలల మొక్కలు. నీటిని ఆకుల్లో దాచుకుంటాయి. వాటిలో చాలా వరకు పగటివేళ నీరు పోకుండా పత్రరంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుచుకుంటాయి. చుట్టూ ఎప్పుడూ తేమే ఉంటే కుళ్లక ఏం చేస్తాయి? కాక్టస్, ఎకెవేరియా, హవర్థియా, కలబంద, వీటిలో ఏదీ మూత సీసాకి పనికిరాదు. ఇప్పుడు మీ మొక్కను బయటికి తీసి, కుళ్లినదానికి పైన, లోపల శుభ్రంగా తెల్లగా ఉన్నచోట కోయండి. కోసిన చోటు నాలుగు రోజులు నీడలో ఆరనివ్వండి. ఆ తర్వాత సగానికి పైగా ముతక ఇసుక కలిపిన మట్టిలో, అడుగున రంధ్రం ఉన్న కుండీలో నిలబెట్టండి. గాజులోనే చూసుకోవాలనుంటే మూతలేని వెడల్పాటి గిన్నెలో, మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లిస్తూ పెంచవచ్చు. నన్నడిగితే మాత్రం రంధ్రమున్న మట్టికుండీయే వాటికి సుఖం.

ఎరువు ఎప్పుడు వేయాలి? ఏ నీళ్లు పోయాలి?

మొదటి ఏడాది ఎరువు అసలు వద్దు. ఆ తర్వాత కూడా ఆకులు మరీ పాలిపోతే తప్ప వద్దు. వాన నీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ వాడండి. సున్నం ఎక్కువుండే గట్టి నీళ్లయితే గాజు మీద తెల్ల మచ్చలు పడతాయి, నాచు గోధుమరంగుకి తిరుగుతుంది. గవ్వలు, సున్నపురాళ్లు, రంగువేసిన రాళ్లు లోపల పెట్టకండి.

ఆంటీ, నేను ఏడో తరగతి చదువుతున్నాను. మా అక్క సీసాలో మొక్కలు పెట్టి మూత బిగించేసింది. వాటికి ఊపిరాడదు కదా? నాకు ఏడుపొస్తోంది.

చిట్టితల్లీ, ఏడవకు. నీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న.

వెలుతురు ఉన్నప్పుడు మొక్క బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతుందని మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. అదే మొక్క పగలూ రాత్రీ ఆక్సిజన్ పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది కూడా. మట్టిలోని సూక్ష్మజీవులు రాలిన ఆకుల్ని కుళ్లబెట్టేటప్పుడు మళ్లీ అదే వాయువు వస్తుంది. అంటే సీసాలోని గాలి లోపలే తిరుగుతూ ఉంటుంది. నీళ్లూ అంతే. ఆకుల్లోంచి, మట్టిలోంచి ఆవిరై లేస్తాయి, గాజు మీద చుక్కలవుతాయి, జారి మట్టిలో కలుస్తాయి. నువ్వు చదివిన జలచక్రమే చిన్నగా అక్కడ జరుగుతోంది.

ఇది ఎలా బయటపడిందో చెబుతాను. లండన్‌లో నాథనియెల్ వార్డ్ అనే డాక్టరు గారికి మొక్కలంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడ బొగ్గు పొగ ఎంతుండేదంటే ఆయన పెంచిన ఫెర్న్‌లన్నీ చచ్చిపోయేవి. 1829లో ఆయన ఒక సీతాకోకలాంటి పురుగు గూడును తడి మట్టిలో పెట్టి, సీసాలో ఉంచి మూత పెట్టాడు. పురుగు ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తుంటే, మట్టిలోంచి ఒక బుజ్జి ఫెర్న్, ఒక గడ్డిమొక్క లేచాయి. బయట బతకని ఫెర్న్ సీసాలో బతికింది! ఒక్క చుక్క నీరు పోయకుండా ఆ రెండూ దాదాపు నాలుగేళ్లు ఉన్నాయి. చివరికి ఎలా పోయాయో తెలుసా? ఆయన ఊళ్లో లేనప్పుడు మూత తుప్పుపట్టి, వాననీళ్లు లోపలికి దిగి పోయాయి.

1833లో ఆయన గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడమీద ఆస్ట్రేలియాకి పంపాడు. నెలల తరబడి సముద్రంలో ప్రయాణించి అవి పచ్చగా చేరాయి. ఆ తర్వాత అలాంటి పెట్టెల్లోనే రాబర్ట్ ఫార్చూన్ అనే ఆయన చైనా నుంచి వేలాది తేయాకు మొక్కల్ని మన దేశానికి చేర్చాడు. ఇంగ్లండ్‌లోనే ఇంకొకాయన 1960లో పెద్ద సీసాలో ఒక మొక్క నాటి, 1972లో చివరిసారి నీళ్లు పోసి మూత బిగించారు. మరో నలభై ఏళ్లు గడిచినా అది సీసా నిండా పచ్చగానే ఉంది.

నువ్వొక పని చెయ్యి. మార్కరుతో సీసా బయట, ఆవిరి ఎక్కడిదాకా ఉందో పొద్దున్న ఒక గీత, మధ్యాహ్నం ఒక గీత గీసి వారం రోజులు చూడు. గీతలు ఎలా మారాయో నాకు ఉత్తరం రాయి. మీ అక్కకి మాత్రం ముందే చెప్పు, గాజు మీద గీతలేంటని కోప్పడుతుంది.

అమ్మా, నేను రిటైరైన హెడ్మాస్టర్ని. నా భార్య నాలుగేళ్ల క్రితం ఒక సీసాలో ఫిట్టోనియా, నాచు నాటింది. ఆమె పోయి ఏడాదిన్నర. మొక్క ఇప్పుడు మూతకి ఆనుతోంది, కింది ఆకులు పసుపెక్కుతున్నాయి. కత్తిరించాలంటే చెయ్యి రావడం లేదు.

మాస్టారూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆమె లేకుండా ఏడాదిన్నర ఆ సీసా పచ్చగా ఉందంటే మీరు దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో తెలుస్తోంది.

కత్తిరించాలండీ. మూతకి ఆనిన ఆకులు తడికి కుళ్లుతాయి, కిందివాటికి వెలుతురు అందక పసుపెక్కుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఆగితే మొత్తానికే ప్రమాదం. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఫిట్టోనియా కొమ్మ కోసి నాటితే వచ్చేది కొత్త మొక్క కాదు, అదే మొక్క. గింజ నుంచి వచ్చిన మొక్కలో తేడా ఉండొచ్చు, కొమ్మ నుంచి వచ్చినదానిలో ఉండదు. ఆమె నాటినదే రెండో సీసాలోనూ ఉంటుంది, మూడోదానిలోనూ ఉంటుంది.

చిన్న మొన కత్తెరను వేడినీళ్లతో కడిగి తుడవండి. పై కొమ్మల్ని మూతకి నాలుగు వేళ్ల దిగువకి, కణుపుకి కొంచెం పైన కోయండి. ఒకేసారి మూడోవంతుకి మించి తీయకండి, మిగిలింది నెల తర్వాత చూసుకోవచ్చు. పసుపు ఆకుల్ని పట్టకారుతో ఏరండి. ఒక్కటి కూడా లోపల రాలిపోకుండా చూడండి. నాచు జోలికి వెళ్లొద్దు. కోసిన చోట్లు ఆరడానికి రెండు రోజులు మూతను కాస్త వారగా పెట్టి, తర్వాత మామూలుగా మూసేయండి.

కోసిన కొమ్మల్లో రెండు మూడు కణుపులున్నవి ఏరి, కింది ఆకులు తుంచి, పైన చెప్పిన తడి మట్టిలో ఒక కణుపు మునిగేలా గుచ్చండి. మూతున్న ఏ చిన్న సీసా అయినా సరిపోతుంది. రెండు మూడు వారాల్లో వేళ్లు దిగుతాయి. కొమ్మను మెల్లగా లాగితే కదలకుండా పట్టుకుందంటే వేరు పట్టినట్టే. అన్నీ పట్టకపోవచ్చు, అందుకే ఒకటి రెండు కాకుండా ఆరేడు గుచ్చండి. వేరు పట్టాక ఒక సీసా మీ పిల్లలకిచ్చి, దాని అడుగున చీటీ మీద ఆమె పేరు, మొదట నాటిన సంవత్సరం రాసి అంటించండి.